సవరణ: స్టావ్రోస్ ఫ్లాట్లీ తండ్రీకొడుకుల గురించి

పోయిన వారం హనుమకొండలో మా కాలనీ గణపతి మండపం ముందు ఒక తండ్రీకొడుకులు చేసిన నవ్వుల డాన్స్ గురించి రాస్తూ, వాళ్లను ‘స్టావ్రోస్ ఫ్లాట్లీ’ అనే తండ్రీకొడుకుల నవ్వుల డాన్స్ జంటతో పోల్చాను. ఆ జంట ఐర్లాండ్ వాళ్లని, 2009లో ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’ అనే టీవీ పోటీ గెలిచారని రాశాను. రెండూ తప్పే. క్షమించాలి.

డెమి, ఆయన కొడుకు లాగి గ్రీకు సైప్రస్ మూలాలున్న బ్రిటన్ వాళ్లు. ఫైనల్ దాకా వెళ్లారు కానీ గెలిచింది ‘డైవర్సిటీ’ అనే డాన్స్ బృందం. గాయని సుసాన్ బాయిల్‌ది రెండో స్థానం.

పేరులోని ఫ్లాట్లీ వల్లే నేను పొరబడ్డాను. అది ఐరిష్ డాన్సర్‌గా పేరుపొందిన మైకేల్ ఫ్లాట్లీ పేరు నుంచి సరదాగా తీసుకున్నది. ఐరిష్ స్టెప్ డాన్స్‌లో సాధారణంగా చేతులు ఒంటికి ఆనించి, నడుము పైభాగం కదలకుండా, కాళ్లతోనే అంతా నడిపిస్తారు. చొక్కా లేకుండా డెమి అదే చేయబోతే ఆయన బొజ్జ ఊరుకోదు కదా! పక్కనే కొడుకు కూడా అంతే పట్టుదలగా ఆడతాడు. నవ్వంతా అక్కడే ఉంది.

ఇంకో మాట. ‘మన దగ్గర తండ్రీకొడుకులు కలిసి ఆడే సంప్రదాయం లేదు’ అని కూడా రాశాను. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మన చిందు యక్షగానం కుటుంబాలు తరతరాలుగా ఇంటిల్లిపాదీ కలిసి వేషం కట్టేవే. పెద్దలను చూసే పిల్లలు అడుగు నేర్చుకుంటారు. ఆ వాక్యం తీసేశాను.