బ్యాటరీ మార్చే ముందు బెల్టు కింద ఒకసారి చూడండి సామీ

మూడు నెలల్లో రెండు బ్యాటరీలు, ఒక ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే డైనమో). మా బావ మరబోటు మింగిన లెక్క ఇది. చివరికి పోయిందేమిటయ్యా అంటే, మూడు రూపాయి బిళ్లలు పేర్చినంత మందం ఉండే ఒక వాషరు.

నాది తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు. కొండకు తిరిగే జీపులు, టెంపోలే నా గిరాకీ. అక్కను వాకాడు వైపు ఇచ్చాం. మన స్వర్ణముఖి అటు పోయే సముద్రంలో కలుస్తుంది. అంతకుమించి నాకు సముద్రంతో పరిచయం లేదు. అందుకే అక్కడి మెకానిక్ "కొండ జీపులు చూసుకునేవాడివి, బోటు సంగతి నీకేం తెలుసన్నా" అన్నాడు. తెలియదు, ఒప్పుకుంటా. కానీ తనను జీపుకు బిగించారో బోటుకు బిగించారో ఆల్టర్నేటర్‌కు కూడా తెలియదు కదా!

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోటు పనులన్నీ ఆ 61 రోజుల్లోనే చేయించుకోవాలి. బావ కూడా ఇంజిన్ విప్పించి, రంగులు వేయించి, మళ్లీ బిగించాడు. నిషేధం తీరి వేటకు పోయిన వారానికే పొద్దున సెల్ఫ్ పట్టలేదు. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశాడు. ఇరవై రోజులకు మళ్లీ అదే కత. ఈసారి డైనమో అన్నారు. అదీ మార్చాడు. తర్వాత ఇంకో బ్యాటరీ. అదీ దిగిపోయాక నాకు ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ఇదేం శనిరా నాకు" అంటాడు. మొదటి రోజే చేసుంటే ఏం పోయేది బావా?

డైనమో పోయిందని ఎట్లా తేల్చారో అడిగితే నాకు ఒళ్లు మండింది. ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి చూశారట! ఈ పాడు అలవాటు మన తిరుపతిలోనూ ఉంది. బోట్లలో ఉండే పాత రకం డీజిల్ ఇంజిన్ నడవడానికి అసలు కరెంటే అక్కర్లేదు. పీకినా నడుస్తుంది, పీకకపోయినా నడుస్తుంది. దాంతో ఏం తెలిసినట్టు? పైగా బ్యాటరీ ఊడిన క్షణంలో వోల్టేజి ఒక్కసారి ఎగిరి, బాగున్న ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు కాలిపోవచ్చు. రోగం ఉందో లేదో చూడటానికి రోగం అంటించడం అన్నమాట.

ఇంజిన్ కరెంటు లేకుండా నడవడమే ఇక్కడ పెద్ద మోసం. ఛార్జింగ్ లేకపోయినా బోటు పోతూనే ఉంటుంది. లైట్లు, జీపీఎస్, వైర్‌లెస్ మెల్లగా బ్యాటరీని తాగేస్తాయి. ఇంజిన్ ఆపి మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడే సంగతి బయటపడేది. ఘాట్ రోడ్డులో జీపు ఆగితే పక్కకు పెట్టి ఫోన్ చేస్తారు. నడిసముద్రంలో పక్క ఎక్కడుంది?

పోయిన ఆదివారం మీటరు పట్టుకుని పోయాను. నిండుగా ఛార్జైన బ్యాటరీ, ఇంజిన్ ఆపిన కాసేపటికి 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. దీనిది 11.9. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 దాకా రావాలి. లైట్లన్నీ వేస్తే 12.3 దాటడం లేదు. ఆల్టర్నేటర్ వెనక కరెంటు బయటికొచ్చే బోల్టు మీద పెట్టినా అంతే. అక్కడ 14 ఉండి బ్యాటరీ దగ్గర తగ్గితే వైరునో, ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టిన టెర్మినల్‌నో అనుమానించాలి. ఇక్కడ పుట్టే చోటే తక్కువ పుడుతోంది.

ఇంజిన్ ఆపించి, తాళం తీయించి, టార్చి వేసి కిందికి చూశాను. ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు కింద నల్లటి పొడి, కుప్పగా! బెల్టు తిరిగే చక్రానికి, అదే పుల్లీకి, రాసుకుని అరిగిన రబ్బరు అది. పుల్లీల మీద ఇనుప స్కేలు ఆనిస్తే ఆల్టర్నేటర్ పుల్లీ నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. బెల్టు వంకరగా పరిగెడుతోంది. రంగులప్పుడు విప్పిన వాషరు తిరిగి వేయలేదు. ఎవరు మరిచారో అడగలేదు, అడిగితే అందరూ ఒకరివైపు ఒకరు చూస్తారు. ఎండలో రెండు నెలలు పడున్న పుల్లీ గాడి లోపల తుప్పు, అది గరుకు కాగితంలా బెల్టును తినేసింది. సన్నబడిన బెల్టు గాడిలోకి దిగి అడుగున ఆనుతోంది. అడుగు సన్నగా ఉండే ఈ వీ బెల్టు పట్టు పక్కల మీదే, అడుగు ఆనితే జారడమే.

పొద్దున్నే బెల్టు కీచుమంటోందని బోటు నడిపే సరంగు సబ్బు కూడా రుద్దాడట. అరుపు ఆగింది, జారడం పెరిగింది. హెచ్చరిక లైటు వెలగలేదు కాబట్టి ఛార్జింగ్ బాగుందనుకున్నారు. బెల్టు సగం జారుతున్నా ఆ లైటు వెలగకపోవచ్చు. పైగా ఈ ఇంజిన్‌లో నీళ్ల పంపును తిప్పేదీ ఆ బెల్టే. అది తెగుంటే బ్యాటరీతో పోయేది కాదు, ఇంజినే వేడెక్కి కూర్చునేది.

తుప్పు గీకి, సరైన వాషరు వేసి, కొత్త బెల్టు ఎక్కించాను. పొడవు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దిగేలా బిగించాను. ఇంకా బిగిద్దామన్నాడు బావ. వద్దన్నాను. కొత్తలో ఒక టెంపోకు వీణ తీగలా బిగించి, బేరింగ్ పోగొట్టి, నా డబ్బుతో మార్చిచ్చినవాణ్ని నేను. కొత్త బెల్టు కాస్త సాగుతుంది, కొన్ని గంటలు నడిచాక మళ్లీ చూసుకోవాలని చెప్పొచ్చాను. లైట్లన్నీ వేసి చూస్తే 14.1.

ఈ మొత్తానికి ఒక పూట పట్టింది. మీటరు ఖరీదు బ్యాటరీ ముందు ఎంత? అదేం దరిద్రమో, మార్చడానికి వెనకాడని వాళ్లు కొలవడానికి మాత్రం బద్ధకిస్తారు.

"పోయిన" పాత ఆల్టర్నేటర్ బావ ఇంట్లో గోనెసంచిలో ఉంటే షాపుకు తెచ్చి, బెంచి మీద తిప్పి చూశాను. 14.2 ఇచ్చింది. డయోడ్లు కూడా బతికే ఉన్నాయి. బావకు ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, స్పేరుగా బోటులో పెడతా, వచ్చేటప్పుడు తీసుకురా" అన్నాడు. "వాషర్లు కూడా ఒక డజను తే."