గుర్తు కనపడేదాకా నవ్వకండి

ఎన్నికల ప్రకటనల్లో గోదావరి జిల్లాల వాళ్లకి గౌరవం దక్కట్లేదన్న ఫిర్యాదు శుద్ధ తప్పు. కొబ్బరిచెట్టు కింద నిలబెట్టి, పంచె కట్టించి, మాటకు ముందో "ఆయ్", వెనకో "అండి" పెట్టించి, పోతూ పోతూ ఓ వెటకారం ఆడిస్తున్నారు. ముప్పై సెకన్లలో ఇంతకంటే ఏం మర్యాద చేస్తారు పాపం?

తీసేవాళ్ల కష్టం కూడా చూడాలి కదా. 2024లో మనకు పోలింగు మే 13న జరిగింది. మరమ్మతులని కాలువలు కట్టేసే రోజులవి. పులస రావాలంటే గోదారికి ఎర్రనీరు రావాలి, పుంజు బరిలోకి దిగాలంటే సంక్రాంతి రావాలి. అయినా ప్రకటనలో కాలువ నిండుగా పారుతుంది, దాకలో పులస ఉడుకుతుంది, చంకలో పుంజు కూస్తుంది. కాటన్ దొరకి ధవళేశ్వరం ఆనకట్ట కట్టడానికి 1847 నుంచి 1852 దాకా పట్టింది. వీళ్లు నడివేసవిలో, ఒక్క తట్ట మట్టి ఎత్తకుండా, శివారు చేలక్కూడా నీళ్లెక్కించేశారు.

2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావట్లేదని సార్వా మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు. అది మాత్రం ఏ ప్రకటనలోనూ కనపడదు. బీడు చేను పచ్చగా ఉండదు కదండీ! కౌలు రైతునీ పిలవరు. ఆయన వెటకారం ఆడడం మొదలెడితే ముప్పై సెకన్లు చాలవు.

చట్టపరంగానూ పేచీ లేదు. మతం, జాతి, కులం, సముదాయం, భాష పేరు చెప్పి ఓటడిగితే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఊరుకోదు. ఆ వరసలో జిల్లా లేదు. కాబట్టి జిల్లా మీద ఎంతైనా జోకులేసుకోవచ్చు, టీవీలో వేసేముందు ఎన్నికల అధికారుల కమిటీకి చూపించి సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు.

ఇక అసలు చిక్కు చూసేవాళ్లది. అవతలి పార్టీ మన యాసని ఆడిస్తే అది గోదావరి ఆత్మగౌరవం మీద దెబ్బ. అదే యాస, అదే పంచె, బహుశా అదే నటుడు, మన పార్టీ తీస్తే నేటివిటీ. పార్టీ గుర్తేమో ఆఖరి రెండు సెకన్లలో వస్తుంది. తొందరపడి ముందే నవ్వేసినవాడు ఆ నవ్వుని ఎక్కడ దాచుకోవాలి? అందుకే మా టీ బడ్డీ దగ్గర పద్ధతి పెట్టుకున్నాం.

"నవ్వమంటావా, మండిపడమంటావా బాబాయ్?"

"ఉండరా, గుర్తు రానీ."

సీమ వాడిని సుమోలో కత్తులతో దింపినప్పుడు మాత్రం ఈ నియమం వర్తించదు. ఉత్తరాంధ్ర వాడిని సంచీ భుజానేసుకుని వలసబస్సు ఎక్కించినప్పుడూ అంతే. ఏ పార్టీ తీసినా హాయిగా నవ్వుకుంటాం. ఎందుకంటే అది వాస్తవికత. మన మెట్ట ప్రాంతం వాళ్ల మీద వేసే జోకులైతే ఇంటి వ్యవహారం, వాటి సంగతి ఇక్కడెందుకు?

ఈసారి మన మీద తీసినదానికి నిరసనగా కలెక్టరుగారికి అర్జీ రాశాం. బడ్డీ దగ్గరున్న అందరూ సంతకాలు పెట్టారు. గుర్తు చూశాకే పెట్టారు. అర్జీ అడుగున మా బాబాయ్ ఓ ముక్క చేర్చాడు: "కొత్త ప్రకటన తీస్తే షూటింగు మా ఊళ్లో పెట్టమని మనవి. తోట మాదే, అద్దె తర్వాత మాట్లాడుకుందాం. పుంజు కూడా ఉందండి."