దుబాసీ కోర్టుకేనా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో తెలుగింటి పిల్ల బడిలో ఒడియా చదువుతుంది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. సొంతవాళ్లే ఆ పిల్లను పాడుచేస్తే, పిల్లలపై లైంగిక దాడుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కొంత ఆసరా ఇచ్చింది. వాంగ్మూలానికి భాష అడ్డొస్తే దుబాసీని, అంటే మాటను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి చెప్పే మనిషిని, పిలవొచ్చు. జిల్లా బాలల రక్షణ యూనిట్ దుబాసీల జాబితా ఉంచాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. కేసుకి ఇది చాలు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం, రాత్రి లైటు తీయనివ్వకపోవడం... ఈ జబ్బుకి మందేది?

'అక్కడి పిల్లలకు ఒడియా గడగడా వచ్చుగా, టెన్షన్ దేనికి' అంటారు కొందరు. వచ్చు, పరీక్షలూ రాస్తారు. కానీ ఈ వైద్యం పరీక్ష కాదు. మనసు గాయాన్ని మాటలతో మాన్పే ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే పద్ధతి సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగులు నడుస్తుంది. ముందు ఊపిరి నిదానించడం, భయాన్ని గుర్తుపట్టడం నేర్పుతారు. ఆపైన జరిగిందంతా కొంచెం కొంచెంగా పిల్ల నోటితోనే చెప్పించి, 'తప్పు నాదే' అన్న నమ్మకాన్ని మెల్లగా పెకలిస్తారు. ఆ నమ్మకం తెలుగులో నాటుకుంది మరి.

మేనమామనే తీసుకోండి. మన కొన్ని కులాల్లో మేనకోడలు అతనికి వరసవుతుంది. హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉంటే ఒప్పుకుంటుంది. పదేళ్ల పిల్లతో అమ్మమ్మ 'మీ ఆయనొచ్చాడే, మంచినీళ్లివ్వు' అంటుంది, ఇల్లంతా నవ్వుతుంది. ఆ నవ్వు చాటున ఏం జరిగినా పిల్ల ఎవరితో చెప్పగలదు? ఆ సరసం తెలియని కౌన్సెలర్‌కి 'మామయ్య' అంటే అమ్మ తమ్ముడు, అంతే. పోనీ పక్కన దుబాసీని కూర్చోబెడదామా? చిన్న ఊళ్లో దుబాసీ కూడా ఎవరికో ఒకరికి బావమరిదే.

ఒడిశా తెలుగువాళ్ల సభల్లో నేను వినేది బడి గురించి, పంతులు గురించి, బోర్డుల మీద అక్షరాల గురించి. 1936లో ఒడిశా కొత్త రాష్ట్రమై గీత పడ్డప్పటి నుంచి భాషంటే మనకు అదే. ఆస్పత్రిలో తెలుగు అడగాలని మనకెందుకో తోచదు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో వారానికి రెండు రోజులు తెలుగొచ్చిన థెరపిస్టు కూర్చోవాలి. గీతకవతల ఇచ్ఛాపురం ఉంది, శ్రీకాకుళం ఉంది, అక్కడి మనిషి ఇటు రావడానికి వీసా అక్కర్లేదు. ఫోన్లో మానసిక సాయం చేసే సర్కారు టెలీ మానస్ నంబరు 14416 ఉందిగా అంటారేమో. మామయ్య వరండాలో కూర్చుని ఉంటే ఆ పిల్ల ఎవరి ఫోన్ తీసుకుని, ఏ మూలకెళ్లి మాట్లాడుతుంది?