నీళ్లు తేటగా ఉంటే చాలా? ఆ మెసేజ్ నమ్మి పగడాలను చంపుకోవద్దు

అక్వేరియం పెట్టుకున్నవాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒకటే మెసేజ్ తిరుగుతోంది. దాని సారం ఇది: సముద్రపు చేపలు, పగడాలు పెంచే ట్యాంకుకు కొనే ప్రత్యేకమైన సాల్ట్ మిక్స్ దండగ, బోరు నీళ్లలో కల్లుప్పు కలిపితే చాలు, నాచు పడితే రాళ్లు, స్పాంజి కుళాయి కింద కడిగి నీళ్లన్నీ మార్చేయాలి, మట్టం తగ్గితే ఉప్పునీళ్లే పోయాలి, నీళ్లు తేటగా ఉంటే టెస్టులతో పనిలేదు. అనంతపురం ఎండల్లో ఆరేళ్లుగా పగడాల ట్యాంకు నడుపుతున్నాను. ఇందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

"కుళాయి కింద కడగండి" దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మా పిన్ని కొడుకు పోయిన నెల అదే చేశాడు. మూడోరోజు పొద్దున్నే ఫోన్. "అన్నా, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి." పోయి చూస్తే నిజమే, ట్యాంకులోంచి అవతలి గోడ మీది క్యాలెండర్‌లో తేదీలు చదవొచ్చు. అమ్మోనియా కిట్‌లో చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే, పసుపుగా ఉండాల్సిన గొట్టం ముదురు ఆకుపచ్చకు తిరిగింది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రాళ్ల రంధ్రాల్లోనే ఉంటుంది, అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని దెబ్బతీస్తుంది. పైగా మంచినీళ్ల గప్పీ చేపల ట్యాంకులో పీహెచ్ 7 దగ్గర అంతగా హాని చేయని అమ్మోనియా, సముద్రపు నీళ్ల 8.2 దగ్గర చాలా ఎక్కువ విషమవుతుంది. రెండు క్లౌన్ చేపల్లో ఒకటే దక్కింది.

తేటదనం గురించి ఇంకేం చెప్పాలి? అమ్మోనియాకు, నైట్రేట్‌కు, ఫాస్ఫేట్‌కు రంగు లేదు.

నాచుకు మూలం కూడా ఆ నైట్రేట్, ఫాస్ఫేట్‌లే. మేత తగ్గించండి, ఫ్రోజెన్ మేతను కరిగించి ఆ నీళ్లు పారబోసి వేయండి, నురగతో వ్యర్థాలను బయటికి లాగే స్కిమ్మర్ కప్పు కడగండి, వారానికి పది శాతం నీళ్లు మార్చండి.

ఇక కల్లుప్పు. సముద్రపు నీళ్లలో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ అన్నీ ఉంటాయి. చినగంజాం లాంటి చోట్ల ఉప్పు మడుల్లో నీళ్లు ఇంకే కొద్దీ కాల్షియం చాలావరకు ముందే అడుగున పడిపోతుంది, ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం మాత్రం మిగిలిన చేదు నీళ్లలోనే ఉండిపోతుంది. అంటే మన చేతికొచ్చే ఉప్పులో పగడానికి కావలసినవి చాలినంత లేవు. దానికి కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (అంటే దాదాపు లీటరుకు అన్ని మిల్లీగ్రాములు), మెగ్నీషియం 1,300 దాకా ఉండాలి. బోరు నీళ్లు ఇంకో తలనొప్పి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు మా బోరుకు 1,100 చూపిస్తుంది, బిందె అడుగున తెల్లటి పెచ్చు గోకినా రాదు, మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు కూడా నేరుగా వాడకండి, చాలా మెషీన్లు రుచి కోసం కొంత పచ్చి నీళ్లు తిరిగి కలుపుతాయి. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ పెట్టుకుని మీటరు సున్నా చూపించాకే ఆ సాల్ట్ మిక్స్ కలపాలి.

మట్టం తగ్గితే ఉప్పునీళ్లు పోయమనడం మన ఊళ్లలో మరీ ప్రమాదం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. లెక్క వేయండి: వంద లీటర్ల ట్యాంకు, ఏప్రిల్‌లో నీళ్ల మీదికి ఫ్యాను పెడితే రోజుకు మూడు లీటర్లు పోతాయనుకుందాం. లీటరుకు 35 గ్రాముల ఉప్పునీళ్లతో వారం నింపితే 735 గ్రాములు అదనంగా చేరి, లీటరుకు 35 గ్రాములు ఉండాల్సిన ఉప్పు 42 గ్రాములకు పోతుంది. చప్పటి డీఐ నీళ్లే పోయాలి, అదీ కొంచెం కొంచెంగా. ఫ్యాను మాత్రం ఆపకండి, మన పొడి గాలికి నీళ్లు బాగా చల్లబడతాయి, 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే పగడం తెల్లబడుతుంది.

ఇప్పటికే రాళ్లు కడిగేసి ఉంటే టెన్షన్ పడి ఇంకోసారి నీళ్లన్నీ మార్చకండి. మేత ఆపండి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేయండి, అదే వేడి, అదే ఉప్పుశాతం ఉన్న కొత్త నీళ్లతో పాతిక శాతం మార్చండి, బాగా నడుస్తున్న ట్యాంకు ఉన్నవాళ్లను అడిగి ఒక రాయి తడి ఆరకుండా తెచ్చి వేయండి, అమ్మోనియా సున్నాకు వచ్చేదాకా రోజూ చూస్తూ ఉండండి.