నడిచేవాళ్ళకు ఓటు లేని నేల

ఇళ్ళ నిర్మాణంలో ఒక సూత్రం ఉంది. ఎక్కడా రాసి ఉండదు, అయినా అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఇంట్లో పరిచే నేలను ఎంచే చెయ్యి, ఆ నేల మీద నడిచే కాలు ఒకే మనిషివి కాకూడదు. బిల్డరు ఎంచుతాడు, అమ్మేసి ఇంకో స్థలం వెతుక్కుంటాడు. ఓనరు ఎంచుతాడు, అద్దెకిచ్చి తాళంచెవులు వచ్చినవాళ్ళ చేతిలో పెడతాడు. నడవాల్సినవాళ్ళు ఆ తర్వాత సామాన్లతో సహా దిగుతారు. దీన్ని కొందరు అన్యాయమంటారు. నేను ఒప్పుకోను. నడిచేవాళ్ళను అడగడం మొదలుపెడితే మన్నిక ఎంత, చప్పుడవుతుందా, తడి తగిలితే ఏమవుతుంది అని ఆరా తీస్తారు. అలాగైతే పనులు తెమిలేదెప్పుడు?

ఈ సూత్రానికి తగ్గ సరుకు కోసం మానవజాతి చాలాకాలం వెతికింది. రాయి ఉంది, కానీ తరాలు గడిచినా కదలదు. అమ్మి వెళ్ళిపోయేవాడికి తరాలతో ఏం పని? చెక్క ఉంది, దానికి నోరు ఎక్కువ. నీళ్ళు పడితే చాలు, ఉబ్బిపోయి జరిగింది జరిగినట్టు బయటపెడుతుంది. చివరికి లగ్జరీ వినైల్ ప్లాంక్ దొరికింది. మార్కెట్లో ఎల్‌వీపీ అంటారు. చూపుకు చెక్క, ఒంటికి పీవీసీ, లోపలేం జరిగినా పైకి చెప్పని గుంభనం. బిల్డరుకు ఇంతకన్నా నమ్మకస్తుడు దొరకడు.

వంశం కూడా తక్కువదేం కాదు. 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూజెన్ బామన్, ఎండ తగిలిన సీసాలో వినైల్ క్లోరైడ్ తెల్లగా గట్టిపడటం చూశాడు. అదే పీవీసీ, పెళుసు సరుకు. చాలాకాలం దానితో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్, రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం తంటాలు పడుతూ దాన్ని వంగేలా మెత్తబరిచాడు. జిగురు రాలేదు, ప్లాస్టిక్ వచ్చింది. ఎండలో పుట్టిన ఈ పదార్థంతో చేసిన పలకల పెట్టెలో ఇవాళ ఒక కాగితం ఉంటుంది: నేరుగా ఎండ తగలనివ్వకండి.

ఒక పలకను అడ్డంగా కోసి అంచు వెలుతురులో పెట్టి చూడండి. అన్నిటికన్నా పైన కంటికి ఆనని యురెథేన్ పూత. దాని కింద వేర్ లేయర్ అనే పారదర్శక పొర. ఆ కింద ఫోటో. అవును, చెక్కను ఫోటో తీసి ముద్రించిన పల్చటి ఫిల్మ్. ఫోటో కింద కోర్ అనే గట్టి నడిమి పొర, కొన్ని రకాల్లో అడుగున ఫోమ్. మీ కాలికీ ఆ ఫోటోకీ మధ్య కాపలా ఉన్నది వేర్ లేయర్ ఒక్కటే. అది అరిగితే ఫోటో అరుగుతుంది. రుద్ది పాలిష్ పెడదామంటే అక్కడ చెక్క లేదు.

కాబట్టి ఎంపిక అంటే ఫోటో ఎంపికే. షోరూంలో అరచేతంత ముక్క చేతిలో పెడతారు. అందులో ఒక చెక్క ముడి ఉంటుంది: ముదురు గోధుమ రంగు, చుట్టూ మూడు నాలుగు వలయాలు, ఎడమవైపుకు సన్నటి చీలిక. ఖరీదైన రకమైతే వేలితో తడిమినప్పుడు గీత ఉన్నచోటే గరుకు తగులుతుంది. ముద్రకూ ఒత్తుకూ అలా పొత్తు కుదిర్చిన పనితనానికి నిజంగానే దణ్ణం పెట్టాలి. చౌక రకంలో గీత ఒకచోట, గరుకు ఇంకోచోట. సరే, ముడి నచ్చింది, ఆర్డరు పడింది. హాల్లో పరిచాక తెలుస్తుంది, ఆ ముడి ఏకసంతానం కాదని. కిటికీ దగ్గర ఉంది. తలుపు దగ్గర ఉంది. సోఫా పక్కన రెండు, భుజం భుజం రాసుకుని, అదే చీలిక, అదే ఎడమవైపుకు. ఆ డిజైన్లో వేర్వేరు ఫోటోలు ఎన్నున్నాయో కొనేముందే అడగొచ్చు. నాలుగైదు పెట్టెలు ఒకేసారి విప్పి కలగలిపి పరిస్తే కవలలు దూరదూరంగా పడతారు. కానీ అడగడమంటే అనుమానించడం. పెట్టెలు కలగలపడమంటే పనివాడి వేగం తగ్గించడం. రెండూ మర్యాదస్తులు చేసే పనులు కావు.

ఇక మందం. మన లెక్కల ప్రతిభంతా ఇక్కడే బయటపడుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో పలక మొత్తం మందం ఉంటుంది: 5 మిల్లీమీటర్లు, 6.5, 8. వేర్ లేయర్ మందం చిన్న అక్షరాల్లో ఉంటుంది, చాలాసార్లు అదీ మిల్ లెక్కలో. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 6 మిల్ అంటే 0.15 మిల్లీమీటరు, 12 మిల్ అంటే 0.3, 20 మిల్ అంటే సుమారు 0.5. 'ఇరవై మిల్ అండీ' అనగానే కొనేవాళ్ళు రెండు సెంటీమీటర్ల దిమ్మను ఊహించుకుని తృప్తిగా తలూపుతారు. ఊగుతున్న తలను ఆపే సేల్స్‌మన్‌ను నేనింకా చూడలేదు. 8 మిల్లీమీటర్ల పలక నెత్తిన 6 మిల్ పొర ఉండొచ్చు, 4 మిల్లీమీటర్ల పలక మీద 20 మిల్ ఉండొచ్చు. గీతలు తట్టుకునేది రెండోదే. పైగా ఆ లావుపాటి అంకెలో చాలాసార్లు అడుగున అతికించిన ఫోమ్ కూడా కలిసి ఉంటుంది, 6.5లో ఒకటిన్నర దానిదే కావచ్చు. బస్తా తూకంలో గోనె బరువు కలపడం కొత్త విద్యేం కాదులెండి.

ఈ అర మిల్లీమీటరు దగ్గరే అసలు ధర్మశాస్త్రం మొదలవుతుంది. సొంతిల్లయితే 20 మిల్. అద్దెకిచ్చేదయితే 'మనం ఉండబోతామా ఏమన్నానా' అని 6 మిల్. తర్కం చూడండి, ఎంత గొప్పగా ఉందో. సొంతింట్లో ఒకసారి పెట్టిన బీరువా పెట్టినచోటే ఉంటుంది. కుర్చీ కాళ్ళకు ఫెల్ట్ ముక్కలు అతికిస్తారు. పిల్లాడు బొమ్మకారు నేల మీద ఈడిస్తే ఇంటిల్లిపాదీ కేకలేస్తారు. అద్దె ఇంట్లో ఏడాదికో రెండేళ్ళకో సంసారం మారుతుంది. మారినప్పుడల్లా ఫ్రిజ్ ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. మోసే కుర్రాళ్ళకు నేల ఎవరిదో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అందుకని ఎక్కువ అరిగే ఇంటికి తక్కువ పొర, తక్కువ అరిగే ఇంటికి ఎక్కువ పొర. ఐఎస్ఓ 10874 ప్రమాణంలో ఇలాంటి నేలలకు తరగతులున్నాయి: 21 నుంచి 23 వరకు ఇళ్ళకు, 31 నుంచి 34 వరకు దుకాణాలకూ ఆఫీసులకూ, 41 నుంచి 43 వరకు తేలికపాటి పరిశ్రమలకు. అద్దె ఇల్లు అనే తరగతి పెట్టడం మరిచారు. నన్నడిగితే దుకాణానికీ ఫ్యాక్టరీకీ మధ్య ఇరికించమంటాను.

కోర్ గురించి రెండు ముక్కలు. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి గట్టిగా చేసింది ఎస్‌పీసీ. నురగలా పొంగించిన మెత్తటి కోర్ డబ్ల్యూపీసీ. రెండోది కాలికి హాయి, కానీ బరువైన మంచం కోళ్ళ కింద గుంటలు పడుతుంది. అద్దె ఇంటికి ఎస్‌పీసీ మేలని పని తెలిసినవాళ్ళు చెప్తారు. వాళ్ళు చెప్పేది నిజమే కాబట్టి ఇక్కడ నాకు పనిలేదు.

పెట్టె మీది మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది '100 శాతం వాటర్‌ప్రూఫ్'. అబద్ధం కాదు, అక్షరాలా నిజం. పలక నీళ్ళు తాగదు. కాకపోతే నీళ్ళు పలకను తాగమని బతిమాలవు కూడా. వాషింగ్ మెషీన్ పైపు ఊడితే అవి గోడ అంచు ఖాళీలోంచి నిశ్శబ్దంగా కిందకు దిగిపోతాయి. పైన కప్పిన పలకలు వాటర్‌ప్రూఫ్ కాబట్టి ఆవిరై బయటికి రాలేవు. కింద బూజు తీరిగ్గా కాపురం పెడుతుంది. పైన ఫోటోలో చెక్క మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే మెరుస్తుంటుంది. కొన్నాళ్ళకు గదిలో ఏదో వాసన అంటూ అద్దెకున్నవాళ్ళు ఫోన్ చేస్తారు. ఓనరు కిటికీలు తెరిచి ఉంచమని సలహా ఇస్తాడు.

తడి కిందినుంచి కూడా వస్తుంది. కొత్తగా పోసిన కాంక్రీటు నెలల తరబడి తేమ వదులుతూనే ఉంటుంది. కొలవడానికి ఏఎస్‌టీఎం ఎఫ్2170 అనే పద్ధతి ఉంది. ఒకవైపు నుంచే ఆరే స్లాబైతే మందంలో 40 శాతం లోతుకు రంధ్రం వేసి, అందులో సెన్సర్ దింపి, లోపలి తేమ శాతం చదువుతారు. బిల్డరు దగ్గర ఇంతకన్నా చౌకైన పరికరం ఉంది, గోడ క్యాలెండరు. తాళాలిచ్చే తేదీ దగ్గరపడితే కాంక్రీటు ఆరినట్టే.

'పైన పటారం లోన లొటారం' అనే మాటను పెద్దలు తిట్టుగా వాడారు. ఈ వ్యాపారంలో అది పని విధానం. జిగురు లేకుండా అంచులు ఒకదానిలో ఒకటి తగిలించే క్లిక్ పలకలు పరిచే గచ్చు పది అడుగుల పొడవులో 3/16 అంగుళానికి మించి ఎగుడుదిగుడు ఉండకూడదని చాలా కంపెనీలు రాస్తాయి. అంటే మూడు మీటర్లకు దాదాపు 5 మిల్లీమీటర్లు. పొడవాటి అల్యూమినియం పట్టీ నేల మీద ఆనించి, కింద వెలుతురు కనబడినచోట లెవెలింగ్ కాంపౌండ్ పోయాలి, ఉబ్బున్నచోట అరగదీయాలి. అయితే ఆ ఖర్చు ఫోటోలో కనబడదు. అందుకని గుంట మీద ఇంకో వరస మెత్తటి ఫోమ్ వేసి చేతులు దులుపుకుంటారు. ఇక అక్కడ కాలు పడ్డప్పుడల్లా పలక వెంట్రుకవాసి దిగుతుంది, కాలు తీస్తే లేస్తుంది. టక్. పక్క పలక గాడిలో దూరి దాన్ని పట్టుకున్న అంచు నాలుక చాలా సన్నం, అది ఎన్నాళ్ళు వంగుతుంది? ఒకరోజు విరుగుతుంది. పలక చివర అతుకు దగ్గర నల్లటి సన్న గీత తెరుచుకుంటుంది, ఊడ్చిన దుమ్మంతా అందులోకి చేరుతుంది. మెత్తటి ఫోమ్ ఎక్కువయ్యేకొద్దీ ఈ ఊగుడు పెరుగుతుందే తప్ప తగ్గదు.

గోడ చుట్టూ సుమారు ఆరు మిల్లీమీటర్ల ఖాళీ వదలమంటారు, ఎందుకంటే అతికించకుండా పరిచిన ఈ నేల వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది కాబట్టి వదిలారో లేదో చూసేవాడు ఉండడు. వంటింటి అలమరలు ముందు బిగించి తర్వాత నేల పరచాలి. నేల ముందు పరిచి, దానిలోంచే స్క్రూలు దించి బరువంతా మీద కూర్చోబెడితే అది ఒకవైపు మేకులు కొట్టిన చాప. రెండోవైపు పెద్ద కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ. గది మధ్యలో పలకలు గూడుకట్టి లేస్తాయి. అప్పుడు అందరూ చేరి సరుకు మంచిది కాదని తీర్మానిస్తారు.

అద్దె ఇంటికి అసలు చూసుకోవాల్సింది పాడైన పలకను ఎలా మారుస్తామన్నది. జిగురుతో అతికించే రకమైతే వేడిచేసి ఆ ఒక్క పలకనే పీకి కొత్తది పెట్టొచ్చు. క్లిక్ రకమైతే గోడ దగ్గరనుంచి విప్పుకుంటూ రావాలి, లేదా పాడైనదాన్ని కోసి తీసి, కొత్తదాని నాలుక చెక్కి జిగురుతో కూర్చోబెట్టాలి. ఎలా మార్చినా అదే డిజైను, అదే లాటు పలక చేతిలో ఉండాలి. కోతల్లో పోయేదానికి పది శాతం కలుపుకున్నాక, ఇంకో రెండు పెట్టెలు కొని అటక మీద పడేస్తే చాలు. కానీ మిగిలిన పెట్టెలు వాపసిచ్చి డబ్బు తెచ్చుకోవడంలో ఉన్న ఆనందం ముందు ముందుచూపు ఏపాటిది? తర్వాత వెతికితే ఆ డిజైను ఆగిపోయి ఉంటుంది. ఆగకపోతే రంగు ఒక పిసరు తేడాగా ఉంటుంది, ఆ పిసరు గదిలోకి అడుగుపెట్టగానే కనబడుతుంది.

వారంటీ ఉంది కదా అంటారు. ఉంది, జీవితకాల వారంటీ. చాలా కంపెనీల కాగితాల్లో అది మొదట కొన్నవాళ్ళకు, వాళ్ళు ఆ ఇంట్లో ఉన్నంతకాలం. అద్దెకిచ్చారంటే వ్యాపార వాడకం కిందకు వెళ్ళిపోయి లెక్క కొద్ది సంవత్సరాలకు దిగుతుంది. గీతలు వారంటీ కిందకు రావు. సొట్టలు రావు. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్లు వదిలే పసుపు మరకలు రావు, స్టీమ్ మాప్ రాదు, ఎండ రాదు, సమంగా లేని గచ్చు అసలే రాదు. ఇవన్నీ పోగా మిగిలినదానికి కంపెనీ నిజంగానే పూచీ పడుతుంది.

ఇల్లు ఖాళీ చేసే రోజు ఫోన్ టార్చ్ వెలుగులో పరీక్ష జరుగుతుంది. ఓనరు మోకాళ్ళ మీద కూర్చుని, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని, ఫ్రిజ్ దారిలో తెల్లగీత కనిపెడతాడు. మామూలు వాడకంలో అరిగినదానికి అడ్వాన్సులో కోత పెట్టకూడదని చాలా చోట్ల నియమం ఉంది. 0.15 మిల్లీమీటరు పొరకు మామూలు వాడకం అంటే ఎంతో మాత్రం ఎక్కడా రాయలేదు, కాబట్టి ఓనరే నిర్ణయిస్తాడు. అడ్వాన్సు నుంచి కోసిన డబ్బుతో మళ్ళీ షోరూంకు వెళ్తాడు. అనుభవం నుంచి ఏమీ నేర్చుకోలేదనుకుంటే ఆయన్ని అవమానించినట్టే. నేర్చుకున్నాడు. బూడిద రంగు మీద గీతలు బాగా కనబడుతున్నాయట, ఈసారి లేత గోధుమ రంగు చూపించమన్నాడు.