4కె అని పేరుంటే సరిపోదు
పాత సినిమా పాటలకు 4కె రీమాస్టర్ (చాలా ఎక్కువ స్పష్టతతో మళ్లీ తయారుచేసిన ప్రతి) అని ఉన్న వీడియోనే ఎంచుకోమని ఒక వ్యాసంలో రాశారు. దీంతో ఏకీభవించలేను. ఆ పేరు పెట్టాలంటే సినిమా అసలు ఫిల్మ్ నెగటివ్‌ను కొత్తగా స్కాన్ చేసి ఉండాలన్న నియమమేమీ లేదు. పాత డీవీడీ కాపీని సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చేసి ఎక్కించినవే బోలెడు. దగ్గరి షాట్‌లో చూస్తే తెలిసిపోతుంది: చర్మం మైనం పూసినట్టు నున్నగా, చీర అంచు మీది జరీ అలుక్కుపోయి, వెనక వరసలో నర్తకుల కళ్లూ ముక్కూ కలిసిపోయి ఉంటాయి. గ్రెయిన్‌ను, అంటే ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నని రేణువులను, మచ్చ అనుకుని తుడిచేస్తే దాంతోపాటు అసలు వివరమూ పోతుంది. ధ్వనికి జరిగే అన్యాయం ఇంకా పెద్దది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ (PAL, మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీ 25. ఆ తేడా సర్దడానికి వేగం 4 శాతం పెంచుతారు. దాంతో చాలాసార్లు శ్రుతి కూడా పైకి జరుగుతుంది, హార్మోనియం మీద పక్క మెట్టుకు ఉన్న దూరంలో సగానికి పైనే. తెలిసిన గొంతు పలచబడినట్టు, తాళం తొందరపడినట్టు అనిపిస్తే ముందు దీన్నే అనుమానించాలి. సరిదిద్దడం తేలికే. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్ తీసుకుని స్పీడ్ మల్టిప్లయర్‌గా 0.96 ఇస్తే చాలు. వీఎల్‌సీ ప్లేయర్‌లో అయితే వేగం 0.96కి తగ్గించే ముందు ఆడియో సెట్టింగ్స్‌లో టైమ్ స్ట్రెచింగ్ ఆపేయాలి, లేకపోతే పాట నెమ్మదిస్తుంది గానీ శ్రుతి దిగదు. పాత టీవీ ఆకారపు 4:3 బొమ్మను వెడల్పు తెర 16:9కి సాగదీశారేమో కూడా చూసుకోండి: గోడ మీది గుండ్రని గడియారం కోలగా కనిపిస్తే ఆ కాపీ వదిలేయడమే మంచిది.