సంచిలో మోస్తున్న వైద్య చరిత్ర

హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీ ఓపీకి జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చే రోగుల చేతిలో తప్పనిసరిగా ఒక సంచి ఉంటుంది. ఎమ్మారై ఫిల్ములు, ఈఈజీ కాగితాలు, నలిగిన మందుల చీటీలు అందులోనే ఉంటాయి. మూర్ఛ, పార్కిన్సన్స్, కండరాలను నీరసింపజేసే మయస్థీనియా వంటి జబ్బులతో ఏళ్లు గడిపే వారి వైద్య చరిత్రంతా ఆ సంచే. అది పోతే స్కానింగులకు మళ్లీ డబ్బు కట్టాలి.

ఖర్చును మించింది ప్రాణభయం. వాంతులతో ఊళ్లోని ఆస్పత్రిలో చేరిన పార్కిన్సన్స్ రోగికి అక్కడ మామూలుగా వాడే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇస్తే ఒంటి బిగుతు, వణుకు పెరుగుతాయి. మయస్థీనియా ఉన్నవారికి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే ఊపిరి తీసుకునే కండరాలే నీరసించవచ్చు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆగితే ఎడతెగని ఫిట్స్ రావచ్చు. అప్పుడు రోగి చెప్పుకోలేడు. వెంట వచ్చినవారికి మాత్ర రంగే గానీ పేరు గుర్తుండదు.

2021 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దీనికి దారి చూపింది. ఏ ఆస్పత్రి రికార్డు ఆ ఆస్పత్రిలోనే ఉంటూ, రోగి సమ్మతిస్తేనే ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య ద్వారా మరో వైద్యుడికి చేరే ఈ పద్ధతిని మేం మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. అయితే ఓపీ టోకెన్ తీసుకోవడంతోనే ఆ సంఖ్య పని ముగిసిపోతే రోగికి ఒరిగేదేమీ లేదు. డిశ్చార్జి సమ్మరీ, మందుల జాబితా, స్కాన్ చిత్రాలు కదలాలి.

గోప్యతపై భయాలను తేలిగ్గా తీసుకోరాదు. ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై 2022 నవంబరులో జరిగిన సైబర్ దాడి అందరికీ గుర్తే. మూర్ఛను వివాహం చెల్లకపోవడానికి కారణంగా చూపే నిబంధనను చట్టం 1999లోనే తొలగించినా, సంబంధాలు చూసే వేళ ఆ మాటను దాచుకునే ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. అందుకే రికార్డును ఎవరు, ఎప్పుడు తెరిచారో రోగికి వెంటనే తెలియాలి; యజమానులకు, బీమా సంస్థలకు ఆ తలుపు మూసే ఉండాలి.

స్పృహలేని వేళ సమ్మతి ఎవరివ్వాలన్నది రోగి ముందే రాసిపెట్టుకోగలగాలి. అత్యవసరంలో వైద్యుడికి మొత్తం చరిత్ర అక్కర్లేదు: జబ్బు పేరు, వాడుతున్న మందులు, ఇవ్వకూడని మందులు, మెదడులో అమర్చిన పరికరం ఉంటే దాని వివరం చాలు. ఈ ఒక్క పేజీని జిల్లా ఆస్పత్రులు, నిమ్స్, విశాఖ కేజీహెచ్ మధ్య పంచుకునే ఏర్పాటును రెండు తెలుగు రాష్ట్రాలూ ముందుగా నరాల రోగులతోనే మొదలుపెట్టాలి. స్మార్ట్‌ఫోన్ లేనివారికి అదే పేజీని తెలుగులో అచ్చు వేసి ఏఎన్‌ఎం ద్వారా ఇంటికి అందించాలి.